వచ్చిన మాటలు కూడా పోతున్నాయి, మళ్ళీ మొదటికొచ్చామా?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అన్నారు. అప్పట్నుంచి ఏలూరులో స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది) ఒక్క వారం మానకుండా తిప్పాం. ఈ వేసవికి నీళ్ళు, పాలు, పద, వద్దు అంటూ ఓ పదిహేను మాటల దాకా అనేవాడు, బాత్రూం వస్తే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాడు. జూన్‌లో మావారి ఉద్యోగం వల్ల విజయవాడ వచ్చేశాం. కొత్త అపార్ట్‌మెంట్, కొత్త స్కూలు, కొత్త థెరపిస్టు. ఇప్పుడు మాటలు నాలుగైదుకి పడిపోయాయి. ప్యాంట్లోనే పోసేస్తున్నాడు, చెయ్యి కొరుక్కుంటున్నాడు, ఆపబోతే నన్ను కొడుతున్నాడు, ఒక్కోసారి తల గోడకేసి బాదుకుంటాడు. ఫోనిస్తే ఆగుతాడు. అంతా గారాబం, రెండు తగిలిస్తే దారికొస్తాడు అని మా అత్తయ్యగారు అంటారు. మొన్న విసుగొచ్చి నిజంగానే ఒకటి వేశాను, ఆ రాత్రంతా నిద్రపట్టలేదు. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? థెరపీ గంటలు పెంచమంటారా?
– ఒక అమ్మ, విజయవాడ

సమాధానం:

అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తా, ఎందుకంటే అది ఈ వారంలో తేల్చుకోవాల్సింది. థెరపీ గంటలు ఇప్పుడు పెంచకండి. అసలు కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి, కొత్త డైట్ వద్దు, ఇంకో సెంటర్ వద్దు, వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన సిరప్ వద్దు. ముందు వాడి ఒళ్ళు చూపించండి, తర్వాత వాడి చుట్టూ ఏం మారిందో చూడండి, బుద్ధులు నేర్పడం ఆ తర్వాత సంగతి. చాలా ఇళ్ళల్లో ఈ వరస తిరగబడుతుంది, పిల్లాడు కొరకడం మొదలుపెట్టగానే కొరకడం ఎలా మాన్పించాలి అనే దగ్గర మొదలవుతారు, మూడు నెలలు దానితో కుస్తీ పట్టాక తీరా చూస్తే దవడ పన్ను పుచ్చి ఉంటుంది.

ఒళ్ళు అంటే ఏం చూడాలో చెప్తా. నోరు తెరిపించి ఫోన్ టార్చి వేసి వెనకాల దవడలు చూడండి. పాల పళ్ళేగా ఊడిపోతాయిలే అని వదిలేస్తాం గానీ పాల పన్ను పుచ్చినా నొప్పి నొప్పే, చెప్పే మాట వాడి దగ్గర లేదు, చెయ్యి కొరుక్కోవడమో తల బాదుకోవడమో చేస్తాడు. చెవి మీద అరచేత్తో కొట్టుకుంటున్నాడా, ఎప్పుడూ ఒకే వైపు బాదుకుంటున్నాడా, జలుబు చేసి తగ్గిన దగ్గర్నుంచి ఇది ఎక్కువైందా అని ఒకసారి గుర్తు తెచ్చుకోండి, అలా అయితే చెవిలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించాలి. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నాడు, నిద్రలో గురక పెడుతున్నాడా అన్నది కూడా డాక్టరుకి చెప్పండి.

అన్నిటికన్నా నేను ఎక్కువగా అడిగేది మోషన్ గురించి. ప్యాంట్లో పోస్తున్నాడని రాశారు గానీ మోషన్ ఎన్నాళ్ళకోసారి అవుతోందో రాయలేదు. పెరుగన్నం, బిస్కెట్లు, చిప్స్ తప్ప ముట్టని పిల్లల్లో మలబద్ధకం చాలా మామూలు. ఇల్లు మారినప్పుడు కొత్త బాత్రూం నచ్చక బిగబట్టుకుంటారు, అది లోపల గట్టిపడి నిండిపోయి ముందున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, దాంతో ఆపుకోలేక కాస్త కాస్తగా ప్యాంట్లోనే పోసేస్తుంటారు. కొంతమందికైతే గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్ళలాగా కారి చెడ్డీకి అంటుకుంటుంది, మనం విరేచనాలు అనుకుని ఆగే మందు వేసి ఇంకా బిగిస్తాం. పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మెత్తబడే మందు రాస్తే రెండు రోజులు వేసి అయ్యింది కదా అని ఆపెయ్యకండి, సాగిపోయిన పేగు మళ్ళీ మామూలుగా అవ్వడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా.

మాటలు తగ్గడం గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్పాలి. రెండేళ్ళ లోపు నాలుగు మాటలు వచ్చి పోవడం ఆటిజంలో చాలామంది తల్లులు చెప్పేదే. కానీ మూడేళ్ళు దాటాక వచ్చిన మాటలు పోతుంటే ఇల్లు మారాం కదా అందుకేలే అని మనకి మనమే సర్దిచెప్పుకోకూడదు, పిల్లల న్యూరాలజిస్టుకి ఒకసారి చూపించాల్సిందే. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతా పిల్లల కంటే ఎక్కువగా వస్తుంది, అది ప్రతిసారీ కాళ్ళూ చేతులూ కొట్టుకుని నురగ వచ్చేలా ఉండదు. ఆడుతూ ఆడుతూ కొన్ని సెకన్లు ఎటో చూస్తూ ఉండిపోవడం, ఆ కాసేపు భుజం తట్టినా తెలియకపోవడం, రెప్పలు టపటపా అదరడం, ఇలా కూడా ఉంటుంది. ల్యాండావ్ క్లెఫ్‌నర్ అని ఒక అరుదైన జబ్బుంది, ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ళ మధ్యలో మొదలవుతుంది, పైకి ఫిట్స్ కనిపించకపోయినా మాట అర్థం కావడం, మాట్లాడటం పోతాయి, దాని ఆనవాళ్ళు ముఖ్యంగా నిద్రలో తీసిన ఈఈజీలో, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్షలో దొరుకుతాయి. మీ బాబుకి అదే ఉందని నేననడం లేదు, ఉండే అవకాశం తక్కువే, కానీ ఉంటే మందులతో వైద్యం ఉంది కాబట్టి లేదని తేల్చుకుని వదిలెయ్యాలి. అనుమానంగా అనిపించిన క్షణాలు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టరుకి మీరు చేసే వర్ణన కంటే ఆ ముప్పై సెకన్ల వీడియో ఎక్కువ పనికొస్తుంది. "ఆటిజం పిల్లలు ఇంతేనమ్మా" అని చెయ్యి కూడా వెయ్యకుండా పంపించే డాక్టరు తగిలితే మొహమాటపడకుండా ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. తల గట్టిగా బాదుకున్న తర్వాత వాంతులైనా, మగతగా పడిపోయినా, నడక తూలినా మాత్రం పొద్దున్నే వెళ్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక మారినవి. ఇల్లు, స్కూలు, థెరపిస్టు, మూడూ ఒకే నెలలో మారాయి. పెద్దవాళ్ళం మనకే కొత్తింట్లో మొదటి వారం రాత్రిపూట లైటు స్విచ్ ఎటుందో చెయ్యి తడుముకుంటుంది. మీ వాడు "నీళ్ళు" అనే మాట ఎక్కడ నేర్చుకున్నాడు, ఏలూరులో వంటింటి గట్టు మీదున్న ఏ స్టీలు బిందెనో చూసి, ఆ థెరపీ మేడమ్ గొంతు విని నేర్చుకుని ఉంటాడు. ఇక్కడ బిందె లేదు, మూలన వాటర్ క్యాన్ ఉంది. ఈ పిల్లలు నేర్చుకున్నది నేర్చుకున్న చోటికే, నేర్పిన మనిషికే అతుక్కుని ఉంటుంది, కొత్త చోట మళ్ళీ విడిగా నేర్పాలి, కాకపోతే మొదటిసారి పట్టినంత కాలం సాధారణంగా పట్టదు. అందుకే న్యూరాలజిస్టు అంతా బానే ఉందంటే బూడిద, పన్నీరు మాట ఇంక ఎత్తకండి. ఆ బిందె ఇంకా మీ దగ్గరే ఉంటే తీసి గట్టు మీద పెట్టండి, పాత దుప్పటి, పాత కంచం, పాత గ్లాసు అన్నీ బయటికి తియ్యండి, కొత్తింటికి కొత్తవి కొన్నాం కదా అని అటకెక్కించొద్దు. ఏలూరు మేడమ్‌ని అడిగి వారానికోసారి పది నిమిషాలు వీడియో కాల్ చేయించండి, ఆవిడ వాడే మాటలు, పాటలు, చేతి సైగలు ఏమిటో ఒక కాగితం మీద రాయించుకుని కొత్త థెరపిస్టుకి ఇవ్వండి. అక్కడ "ఇవ్వు" అని ఇక్కడ "గివ్ మీ" అంటుంటే వాడు రెండుసార్లు నేర్చుకోవాలి.

బాత్రూం సంగతి విడిగా చూడండి. లాక్కెళ్ళేవాడు అన్నారు కదా, అక్కడ ఏ గదిలోంచి ఎటు తిరగాలో వాడికి తెలుసు, ఇక్కడ తెలియకపోవచ్చు. లేదా తెలిసినా లోపలికెళ్ళడం ఇష్టం లేకపోవచ్చు. ఒకసారి మీరే వాడి ఎత్తుకి కిందకి కూర్చుని లోపల ఏముందో చూడండి, వినండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రొద పెడుతోందా, ఫ్లష్ నొక్కితే ఒక్కసారిగా భళ్ళుమంటోందా, ఏలూరులో కింద కూర్చునే దొడ్డి ఉండి ఇక్కడ కమోడ్ అయితే కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయా? కాళ్ళు ఆనకపోతే పిల్లలకి ముక్కడం కూడా సరిగ్గా కుదరదు, కింద ఒక చిన్న పీట వెయ్యండి. ఫ్యాన్ ఆపెయ్యండి. వాడు బయటికొచ్చాకే ఫ్లష్ చెయ్యండి. తలుపు మీద వాడి కళ్ళకి అందే ఎత్తులో ఆ బాత్రూందే ఫొటో అంటించండి, లేవగానే, అన్నం తిన్నాక, బయటికెళ్ళే ముందు, పడుకునే ముందు మీరే తీసుకెళ్ళండి, కూర్చోకపోయినా పర్లేదు వెళ్ళి రావడం అలవాటైతే చాలు. ప్యాంట్లో పోసినప్పుడు మొహం చిట్లించకుండా, పెద్దగా మాట్లాడకుండా మార్చెయ్యండి.

స్కూలు వాళ్ళు "ఇక్కడ చాలా బుద్ధిగా ఉంటాడండి" అంటున్నారేమో, అది విని ఇంట్లోవాళ్ళు "చూశావా స్కూల్లో ఉంటాడు నీ దగ్గరే ఆటలు" అంటారు, నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. మైకు అసెంబ్లీ, బెల్లు, నలభై మంది అరుపులు, ఇవన్నీ పొద్దుట్నుంచీ బిగబట్టుకుని భరించి ఇంటికొచ్చాక బయటపెడతాడు. ప్రిన్సిపల్‌ని కలిసి ఒక రెండు నెలలు అసెంబ్లీ అయ్యాక తీసుకొస్తామని, మధ్యాహ్నం దాకానే ఉంచుతామని అడగండి. ఇదేదో దయ కాదు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, పిల్లాడికి తగ్గట్టు ఇలాంటి సర్దుబాట్లు చెయ్యమని ఆ చట్టమే చెప్తోంది.

ఇవి చేస్తూనే ఒక నోట్‌బుక్ పెట్టండి. పేజీని మూడు భాగాలు చేసి, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే మనమేం చేశాం అని రాయండి. "ఏడ్చాడు, చాలా అల్లరి" అని రాస్తే దేనికీ పనికిరాదు. ఇలా రాయాలి: సాయంత్రం 5:40, స్కూల్నుంచి వచ్చి గంటైంది, వంటింట్లో కుక్కర్ రెండో విజిల్, నేను హోంవర్క్‌కి కూర్చోబెట్టబోయాను – కుడి మణికట్టు కొరికాడు – మామ్మ ఫోనిచ్చింది, హోంవర్క్ మానేశాం. ఇలాంటివి ఓ వారం పది రోజులు రాసి వెనక్కి తిరిగి చదివితే మీకే కొన్ని కనపడతాయి, కొరకడం ఎక్కువగా ఏ టైముకి, ఏ చప్పుడుకి, ఏ పని చెప్పినప్పుడు అని. చెప్పిన పని తప్పించుకోవడానికా, కావాల్సింది దొరకడానికా, మీరు వాడి వైపు చూడటానికా, లేక ఒంటికి అలా చేస్తే హాయిగా ఉండటానికా, ఈ నాలుగింటిలో ఏదో ఒకటో రెండో తేలుతుంది. తేలాక చెయ్యాల్సిన పని దాన్ని బట్టి మారిపోతుంది, చప్పుడుకి కొరికే పిల్లాడికి చెయ్యాల్సింది వేరు, హోంవర్క్‌కి కొరికే పిల్లాడికి చెయ్యాల్సింది వేరు. కొత్త థెరపిస్టుని కూడా ఆ నోట్‌బుక్ చదివాకే ప్లాన్ చెప్పమనండి, చదవడానికి టైం లేదంటే ఆవిడ ఎంత బాగా చేసినా మీకు ఉపయోగం తక్కువ.

పైన రాసిన ఉదాహరణలో చూడండి, వాడికి ఒకే కొరుకుతో రెండు లాభాలు, హోంవర్క్ పోయింది, ఫోనొచ్చింది. వాడేదో జిత్తులమారి అని కాదు, "చాలు, ఇంక నావల్ల కాదు" అని చెప్పడానికి వాడి దగ్గర అంతకంటే త్వరగా పనిచేసే దారి లేదు. ఆ దారి మీరివ్వాలి. "చాలు" అన్న గుర్తుగా అరచెయ్యి ముందుకి చాపడమో, చిన్న ఎర్ర కార్డు చేతికివ్వడమో ఏదో ఒకటి ఎంచుకోండి. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు తేలికైన పని మధ్యలో మీరే వాడి చెయ్యి పట్టి కార్డు ఇప్పించి, వెంటనే పని ఆపెయ్యండి, మొదట్లో కార్డిచ్చిన ప్రతిసారీ ఆపాల్సిందే, అబ్బే ఇంకొక్కటి చేసేసి వెళ్ళు అన్నారా ఇక కార్డు మీద నమ్మకం పోతుంది. కార్డులు అలవాటు చేస్తే ఇంక మాట్లాడడేమో అని చాలామంది భయం, అలాంటిదేం లేదు, బొమ్మలతో అడగడం నేర్చుకున్న పిల్లల్లో మాట ఆగిపోదు, కొందరికి ఇంకా తేలికపడుతుంది. పళ్ళతో గట్టిగా నొక్కడం ఇష్టమైతే నమలడానికి చ్యూ ట్యూబ్ (పిల్లలు కొరకడానికే చేసిన మెత్తటి గొట్టం) ఇవ్వండి, బాగా నమిలి మింగే పిల్లాడైతే పక్కనే కూర్చుని జంతికో చేగోడీయో పెట్టండి, స్కూల్నుంచి రాగానే, కొరకడం మొదలుకాక ముందే.

ఫోన్ ఒక్కసారిగా తీసెయ్యమని నేను చెప్పను, మీ ఇంట్లో కాసేపు నిశ్శబ్దం ఉండేది అదొక్కటే అయ్యుంటుంది. కాకపోతే కొరికినందుకు దొరకడం ఆగాలి. రోజూ ఒకే టైముకి, స్నానం అయ్యాక అనుకోండి, వాడేం చేసినా చెయ్యకపోయినా ఇచ్చెయ్యండి, టైమర్ మోగితే తీసుకోండి. మిగతా టైంలో కొరికినా ఇవ్వకండి. ఇలా మొదలుపెట్టిన మొదటి రోజుల్లో కొరకడం, కేకలు ఇంకా పెరగొచ్చు, ఇది ముందే తెలుసుకుని ఉండండి, ఎప్పుడూ పనిచేసే దారి ఇవాళ ఎందుకు పనిచెయ్యట్లేదని వాడు ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. నాలుగో రోజున తట్టుకోలేక ఇచ్చేస్తే మాత్రం ఇంత గట్టిగా చేస్తేనే దొరుకుతుందని నేర్చుకుంటాడు, కాబట్టి ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి, ఊరినుంచి చుట్టాలొచ్చే వారం వద్దు. తల బాదుకోవడం ఎక్కువగా ఉంటే ఈ పని ఇంట్లో సొంతంగా కాకుండా థెరపిస్టుని పక్కన పెట్టుకునే చెయ్యండి.

పూర్తిగా అదుపు తప్పి ఏడుస్తూ బాదుకుంటున్నప్పుడు ఏదీ నేర్పకండి, కార్డూ వద్దు, "వద్దు నాన్నా, తప్పు నాన్నా" అని పది వాక్యాలూ వద్దు, ఆ టైంలో మన గొంతు కూడా వాడికి ఇంకో చప్పుడే. టీవీ, మిక్సీ ఆపి, లైటు తగ్గించి, తలకీ గోడకీ మధ్య దిండు పెట్టి చేతికందే దూరంలో ఊరికే కూర్చోండి. గట్టిగా హత్తుకుంటే తగ్గే పిల్లలున్నారు, పెరిగే పిల్లలున్నారు, మీ వాడు ఏ రకమో మీకే తెలుసు.

కొట్టానని రాశారు. దెబ్బ వేస్తే ఆ క్షణం ఆగొచ్చు గానీ వాడికి అర్థమయ్యేది అమ్మ చెయ్యి కూడా నొప్పి పెడుతుందని, అంతకుమించి ఏమీ నేర్చుకోడు. ఒక్క దెబ్బకే వాడు చెడిపోయాడని కుమిలిపోకండి. మళ్ళీ చెయ్యి లేవబోతున్నట్టు అనిపిస్తే వాడికి దెబ్బ తగలకుండా మంచం మీదో చాప మీదో వదిలి మీరు గుమ్మం అవతలికి వెళ్ళి వందదాకా లెక్కపెట్టి రండి. మీరు నిద్రపోవట్లేదు అన్నది నాకు కొరకడం కంటే ఎక్కువ కంగారుగా ఉంది. మీవారిని వారంలో కొన్ని రాత్రులు పూర్తిగా వాడి బాధ్యత తీసుకోమనండి, "సాయం చెయ్యండి" అనకుండా ఏ రోజులో చెప్పి మరీ అప్పగించండి. ఏడుపు ఆగకపోతే, ఏమీ చెయ్యబుద్ధి కాకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది మనసు బాగోలేనివాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ లైను, ఏ టైమైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి, గెలిచినా లాభం లేదు. ఆవిడకి ఒక పని ఇవ్వండి, సాయంత్రం జంతిక పెట్టడమో, అన్నం తిన్నాక బాత్రూంకి తీసుకెళ్ళడమో. తన చేత్తో తీసుకెళ్ళినప్పుడు మనవడు ఒక్కసారి కూర్చుంటే ఆవిడే మీ ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్తారు.

ఇలా బెంగలో ఉన్నప్పుడే అమ్మేవాళ్ళు కూడా వస్తారు, ఆరు నెలల్లో నార్మల్ చేస్తాం అని ప్యాకేజీలు, స్టెమ్ సెల్స్, ఒంట్లో లోహాలు తీసేస్తామని కీలేషన్. ఆటిజానికి స్టెమ్ సెల్స్ పనిచేస్తాయని రుజువు లేదు, కీలేషన్ వల్ల ప్రాణం పోయిన పిల్లాడు కూడా ఉన్నాడు, ఆ గుమ్మం తొక్కకండి. మందుల మాట కూడా చెప్పాలి, విపరీతమైన కోపం, గాయపరుచుకోవడానికి రిస్పెరిడోన్ అనే మందు డాక్టర్లు వాడతారు, అమెరికాలో 2006లో 5 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి అనుమతిచ్చారు, ఆకలి, బరువు, మగత పెరుగుతాయి. మీ వాడికి ఇంకా ఐదు నిండలేదు, పైగా కారణాలు ఇన్ని కళ్ళముందు ఉన్నాయి, కాబట్టి అది మొదటి మెట్టు కాదు, పిల్లల సైకియాట్రిస్టు చూసి రాస్తే తప్ప పక్కింటివాళ్ళ చీటీ చూసి అస్సలు వద్దు.

కాగితాలు ఇంకా చేయించకపోతే యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) అప్లై చెయ్యండి, అది వచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా, అందులో థెరపీకి కూడా కొంత వస్తుంది. జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ అని సెంటర్లుంటాయి, ఉచితం, మీ దగ్గర్లో ఎక్కడుందో అడగండి. ఎప్పుడైనా పూర్తి అసెస్‌మెంట్ మళ్ళీ చేయించాలనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, కానీ ఇప్పుడే ఆ ప్రయాణం పెట్టుకోవద్దు, వాడికి ఇంకో కొత్త చోటు అవుతుంది.

ఈ వారానికి మీరు చెయ్యాల్సింది పిల్లల డాక్టరు, పళ్ళ డాక్టరు, న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటు, బాత్రూంలో పీట, నోట్‌బుక్. థెరపిస్టుకి ఫోన్ చేసి ఒక నెలపాటు కొత్త టార్గెట్లు పెట్టొద్దని, వాడికి ఆల్రెడీ వచ్చినవే చేయించమని చెప్పండి, చేసిన వెంటనే వాడికి నచ్చింది దొరకాలి. న్యూరాలజిస్టు ఈఈజీ తీయిస్తే ఆ రిపోర్టు వచ్చాక, నోట్‌బుక్‌లో ఓ పది రోజులు నిండాక ఆ పేజీలు ఫొటో తీసి మళ్ళీ రాయండి, మోషన్ ఎన్నాళ్ళకోసారి అవుతోందో ఈసారి మర్చిపోకుండా రాయండి.